స్కీ పోల్స్ ఎంపిక: ముందు మోచెయ్యి, తర్వాతే ముచ్చట

స్కీ సామాను కొనడానికి వెళ్ళినవాళ్ళను ఎప్పుడైనా గమనించండి. బూట్ల దగ్గర గంటలు గంటలు కూర్చుంటారు. స్కీల దగ్గర దుకాణం కుర్రాణ్ణి ప్రశ్నలతో ఊదరగొడతారు. పోల్స్, అంటే రెండు చేతుల్లో పట్టుకునే కర్రల దగ్గరికి వచ్చేసరికి ఓపికా, పర్సూ రెండూ ఖాళీ. గోడకు వేలాడుతున్నవాటిలో జాకెట్ రంగుకు నప్పే జత ఒకటి లాగి, బిల్లు వేయించుకుని బయటపడతారు. ఆ జతే తర్వాత ఏళ్ళ తరబడి వాళ్ళ నడుమును ముందుకు వంచుతూనో, ఒంటిని వెనక్కి తోస్తూనో ఉంటుంది. లోపం పోల్స్‌లో ఉందని వాళ్ళకు తట్టదు. కొండ మరీ నిటారుగా ఉందనో, తమకు వయసు మీరిందనో అనుకుంటారు.

నేనుండేది డెన్వర్ పక్కన అరోరాలో. అక్టోబరు వచ్చిందంటే తెలిసిన తెలుగు కుటుంబాల నుంచి ఫోన్లు మొదలవుతాయి: "అక్కా, ఈ ఏడు సీజన్ పాస్ తీసుకున్నాం. ఏమేమి కొనమంటారు?" నా జవాబు ఎప్పుడూ ఒకటే. స్కీలు మొదటి ఏడాది అద్దెకు తీసుకోండి. డబ్బంతా బూట్లకు దాచుకోండి. ఆ తర్వాత సొంతంగా ఉండవలసినవి పోల్స్. స్కీలు మీ నైపుణ్యం పెరిగేకొద్దీ మారతాయి. పోల్ పొడవు మాత్రం మీ ఒంటి కొలతను బట్టి ఉంటుంది కాబట్టి, పెద్దవాళ్ళకు ఒకసారి సరైనది దొరికితే ఇక మార్చే పని పడదు. అద్దె దుకాణాల్లో బూట్లు, స్కీలతో పాటు పోల్స్ కూడా చాలాచోట్ల కలిపే ఇస్తారు. కానీ అక్కడ రద్దీలో చేతికందిన జతే మీ జత అవుతుంది.

పొడవు, బాస్కెట్ (మొన దగ్గరుండే చక్రం), స్ట్రాప్ (చేతికి తగిలించుకునే పట్టీ). ఈ మూడూ సరిగ్గా ఉంటే చాలు. రంగు, పేరు, బరువులో ఉండే గ్రాముల తేడా ఇవన్నీ ముచ్చట కిందికి వస్తాయి. ముచ్చట వద్దని అనను, ముందు పని జరగాలంటాను.

పోల్ ఉన్నది దేనికి?

కొత్తగా నేర్చుకునేవాళ్ళలో సగం మంది పోల్‌ను ఊతకర్ర అనుకుంటారు, మిగతా సగం బ్రేకు అనుకుంటారు. చరిత్రలో చూస్తే వాళ్ళదేమీ వింత ఊహ కాదు. 1890లలో ఆస్ట్రియాలో మథియాస్ జ్దార్‌స్కీ ఆల్ప్స్ వాలుల మీద స్కీయింగ్ నేర్పినప్పుడు చేతిలో ఒకే ఒక్క పొడుగాటి కర్ర ఉండేది. రెండు పోల్స్ పద్ధతి తర్వాత వచ్చి, దాన్ని పక్కకు నెట్టేసింది. ఇప్పటి స్కీయింగ్‌లో ఆపడం, వేగం తగ్గించడం పూర్తిగా కాళ్ళ పని.

చేతిలోని పోల్ చేసే మొదటి పని మలుపుకు లయ అందించడం. తిరగబోయే వైపు మొనను మంచుకు తేలిగ్గా తాకిస్తే, ఆ తాకిడితోనే ఒళ్ళు బరువును ఒక స్కీ నుంచి ఇంకో స్కీకి మార్చుకుంటుంది. రెండో పని చదును నేల మీద నెట్టుకుంటూ పోవడం. కొలరాడోలోని కీస్టోన్ స్కీ రిసార్టులో స్కూల్‌మార్మ్ అనే దారి ఉంది. కొత్తవాళ్ళకు అనువైనది, మైళ్ళ పొడవున సాగుతుంది. మధ్య మధ్య చదునుగా ఉండే చోట్ల స్నోబోర్డువాళ్ళు దిగి, బోర్డు విప్పుకుని నడుస్తుంటారు. అక్కడ మనం పోల్స్‌తో నాలుగు తోపులు తోసి వాళ్ళను దాటిపోవడంలో ఉన్న ఆనందం చిన్నదేమీ కాదు. ఇక చిల్లర పనులు చాలా ఉన్నాయి. పడితే లేవడం, బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ వెనక భాగాన్ని మొనతో నొక్కి బూటు విడిపించుకోవడం, బూటు అడుగున గడ్డకట్టిన మంచును గీకడం. ఈ పనులన్నిటికీ పోల్ సరైన పొడవులో ఉంటేనే చెయ్యి సుఖంగా ఉంటుంది.

పొడవు కొలిచే పద్ధతి

గట్టి నేల మీద మామూలు బూట్లతో నిటారుగా నిలబడండి. ఎత్తు మడమల చెప్పులు వద్దు. పోల్‌ను తలకిందులు చేసి, పిడిని నేలకు ఆనించండి. ఇప్పుడు మొన పైకి ఉంటుంది, దానికి కొంచెం కింద గుండ్రటి బాస్కెట్ ఉంటుంది. ఆ బాస్కెట్‌కు సరిగ్గా కింద, పిడికిలి పైభాగం దానికి తగిలేలా షాఫ్ట్‌ను, అంటే పోల్ కర్ర భాగాన్ని పట్టుకోండి. మోచేతిని పక్కటెముకలకు ఆనించి ఉంచండి. ముంజేయి నేలకు సమాంతరంగా వచ్చి, మోచెయ్యి దగ్గర 90 డిగ్రీల కోణం ఏర్పడితే అదే మీ పొడవు. పిడికిలి మోచేతికన్నా పైకి లేస్తే పోల్ పొడుగు. కిందికి వాలితే పొట్టి.

తలకిందులు చెయ్యడం ఎందుకంటే, మొనకూ బాస్కెట్‌కూ మధ్యనున్న ముక్క మంచులో దిగిపోతుంది. ఆ ముక్కను లెక్కలోంచి తీసెయ్యడానికి ఇది సులువైన దారి. పోల్‌ను మామూలుగా నిలబెట్టి పిడి పట్టుకుని చూస్తే, దుకాణంలో సరిపోయినట్టే కనిపించి, కొండ మీద పొట్టిదవుతుంది.

ఈ కొలతలో అందరూ తెలియకుండా చేసే మోసం ఒకటుంది. పోల్ కాస్త పొడుగైతే భుజం దానంతటదే పైకి లేస్తుంది, మోచెయ్యి ఒంటికి దూరంగా జరుగుతుంది, కోణం చక్కగా 90 డిగ్రీలు వచ్చేస్తుంది. అద్దంలో ఎదురుగా చూసుకుంటే ఇది పట్టుబడదు. పక్కకు తిరిగి నిలబడి, వెంట వచ్చినవాళ్ళను ఫోటో తీయమనండి. భుజాలు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూసి, అప్పుడు కోణం చూడండి.

స్కీ బూట్లు వేసుకుని, స్కీల మీద ఎక్కితే ఎత్తు పెరుగుతుంది కదా అని అడుగుతారు. పెరుగుతుంది. కానీ స్కీల మీద ఎవరూ నిటారుగా నిలబడరు. చీలమండలు, మోకాళ్ళు వంగి ఉంటాయి కాబట్టి పెరిగిన ఎత్తు, తగ్గిన ఎత్తు దాదాపు చెల్లుకు చెల్లు. మామూలు బూట్లతో తీసిన కొలత చాలామందికి సరిపోతుంది.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళకు లెక్క కావాలి. సెంటీమీటర్లలో మీ ఎత్తును 0.7తో గుణించి, దగ్గరి సైజుకు సర్దండి. యూరప్ కంపెనీలు 5 సెంటీమీటర్ల అంతరంతో సైజులు ఇస్తాయి, అమెరికాలో 2 అంగుళాల అంతరంతో ముద్రిస్తారు. అయిదడుగుల ఒకటి నుంచి మూడు అంగుళాల ఎత్తువాళ్ళకు 110 సెంటీమీటర్లు, అంటే అమెరికా లెక్కలో 44. అయిదడుగుల నాలుగు నుంచి ఆరు వరకు 115, అంటే 46. అయిదడుగుల ఏడు నుంచి తొమ్మిది వరకు 120, అంటే 48. అయిదడుగుల పది నుంచి ఆరడుగుల వరకు 125, అంటే 50. అంతకు మించితే 130, ఆ పైన. అంగుళాలూ సెంటీమీటర్లూ నిక్కచ్చిగా కలవవు. 48 అంగుళాలంటే నిజానికి 122 సెంటీమీటర్లు. ఈ తేడా గురించి బెంగపడవలసిన పని లేదు.

అయితే లెక్క చెప్పినదానికీ మోచెయ్యి చెప్పినదానికీ తేడా వస్తే మోచేతినే నమ్మండి. మా వారిదీ, ఆయన ఆఫీసులో ఇంకొకాయనదీ ఒకే ఎత్తు. అయితే మా వారికి 115 కావాలి, ఆయనకు 120 సరిపోతుంది. కాళ్ళు పొడుగై మొండెం పొట్టిగా ఉన్నవాళ్ళకూ, మొండెం పొడుగై కాళ్ళు పొట్టిగా ఉన్నవాళ్ళకూ మోచెయ్యి ఒకే ఎత్తులో ఉండదు. పట్టిక తయారుచేసినవాడికి మీ చేతుల పొడవు తెలియదు.

రెండు సైజుల మధ్య పడ్డారా? పొట్టిదే తీసుకోండి. ఈ మాటకు చాలామంది ఒప్పుకోరు. పొడుగుదైతే ఆసరాగా ఉంటుందని వాళ్ళ నమ్మకం. పొడుగు పోల్‌ను మంచులో గుచ్చిన ప్రతిసారీ చెయ్యి పైకీ వెనక్కీ తన్నుకుపోతుంది. చేతి వెంట భుజం, భుజం వెంట బరువు మడమల మీదికి పోతాయి. వాలు మీద వెనక్కి వాలినవాడికి స్కీల ముందుభాగం మాట వినదు. మరీ పొట్టిదైతే మొన మంచుకు అందించడానికి నడుము వంగుతుంది, సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. రెండూ ఇబ్బందే, కానీ ఓ రెండు సెంటీమీటర్ల పొట్టిదనాన్ని మోకాళ్ళు సర్దుకుంటాయి, పొడుగుదనాన్ని సర్దుకునే అవయవం లేదు. మంచు గుట్టల మధ్య, అంటే మొగల్స్ మీద దిగేవాళ్ళు కావాలనే ఒక సైజు తగ్గించుకుంటారు. గుట్ట పైభాగం చేతికి దగ్గరగా ఉంటుంది కాబట్టి వాళ్ళకు పొడవు అడ్డం.

బాస్కెట్: పట్టించుకోని చక్రం

మొనకు పైన ఉండే ప్లాస్టిక్ చక్రం పని పోల్ మంచులో అంతా దిగిపోకుండా ఆపడం. యంత్రంతో చదును చేసిన దారుల మీద 5, 6 సెంటీమీటర్ల వెడల్పున్న చిన్న చక్రం చాలు. తేలిగ్గా ఉంటుంది, స్కీలకు తగలదు. తాజా లోతు మంచులో అదే చక్రంతో నెట్టబోతే పోల్ మోచేతి దాకా దిగబడి, మీరు బొక్కబోర్లా పడతారు. అక్కడ 9, 10 సెంటీమీటర్ల పెద్ద బాస్కెట్లు కావాలి.

కొలరాడో మంచు పొడిగా, తేలిగ్గా ఉంటుందని పేరు. జనవరిలో రాత్రంతా కురిసిన మర్నాడు లవ్‌ల్యాండ్ రిసార్టు పై వాలుల మీద చిన్న బాస్కెట్లతో తిరిగితే ఆ పేరు ఎంత నిజమో తెలుస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో పొద్దున గడ్డకట్టిన గట్టి నేల, మధ్యాహ్నానికి తడి మంచు. అప్పుడు చిన్నవే మేలు. అందుకని బాస్కెట్లు మార్చుకునే వీలున్న పోల్స్ కొనండి. కొన్ని కంపెనీలు పెట్టెలోనే రెండు రకాలూ పెట్టి ఇస్తాయి. ఇవ్వకపోతే విడిగా కొనుక్కోవచ్చు, పెద్ద ఖర్చు కాదు. కొనేటప్పుడే మర బిగించే రకమో, నొక్కి ఎక్కించే రకమో చూసుకోండి. ఒక కంపెనీ బాస్కెట్ ఇంకో కంపెనీ పోల్‌కు పట్టకపోవచ్చు.

హైదరాబాదు నుంచి గుల్‌మార్గ్ వెళ్ళేవాళ్ళకు కూడా ఇదే మాట చెబుతాను. అక్కడ గొండోలా అనే కేబుల్ కారు రెండో దశ అఫర్వాట్ కొండ మీద 3,900 మీటర్లు దాటిన ఎత్తుకు చేరుస్తుంది. పైన ఉన్నది చాలావరకు యంత్రం తగలని లోతు మంచు. కింద కొత్తవాళ్ళు నేర్చుకునే చదును చోట చిన్న బాస్కెట్లు సరిపోతాయి. పైకి వెళ్ళే ధైర్యం, గైడ్ రెండూ ఉన్నవాళ్ళు అద్దెకు తీసుకునేటప్పుడు పెద్ద బాస్కెట్లున్న జత అడగాలి. అద్దె జత ఏదైనా సరే, రెండు పోల్స్‌నూ పక్కపక్కన నిలబెట్టి ఒకే పొడవు ఉన్నాయో లేదో చూసుకున్నాకే దుకాణం గడప దాటండి. ఎక్కడైనా సరే.

స్ట్రాప్, బొటనవేలు

స్ట్రాప్‌లో చెయ్యి పెట్టే పద్ధతి తెలియకుండానే ఏళ్ళకేళ్ళు స్కీయింగ్ చేసేవాళ్ళున్నారు. గాజు తొడుక్కున్నట్టు పైనుంచి చెయ్యి దూర్చి పిడి పట్టుకుంటారు. అలా కాదు. చేతిని స్ట్రాప్ కిందినుంచి పైకి దూర్చండి. ఆపైన అరచేతిని కిందికి దించి, స్ట్రాప్ రెండు పట్టీలూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యగా వచ్చేలా పిడితో కలిపి పట్టుకోండి. ఇప్పుడు మణికట్టును కిందికి నొక్కితే బరువు స్ట్రాప్ మీద పడుతుంది. పిడిని గట్టిగా బిగించి పట్టుకోవలసిన పనే ఉండదు. చదును మీద నెట్టేటప్పుడు వేళ్ళు అలిసిపోకుండా ఉండేది దీనివల్లే.

కొనేటప్పుడు మీ చలి గ్లవ్స్ తప్పకుండా వెంట తీసుకెళ్ళండి. ఉత్త చేతికి చక్కగా సరిపోయిన స్ట్రాప్ మందపాటి మిట్టెన్‌తో (నాలుగు వేళ్ళకూ కలిపి ఒకే అర ఉండే గ్లవ్‌తో) దూరకపోవచ్చు. కోస్తా ఎండల్లో పెరిగిన నాబోటివాళ్ళు మామూలు గ్లవ్స్‌తో సరిపెట్టుకోలేరు, మిట్టెన్లే గతి. అవి వేసుకున్న చేత్తో స్ట్రాప్ పట్టీ లాగి బిగించగలగాలి, వదులు చెయ్యగలగాలి. పిడి విషయంలోనూ అంతే. చిన్న చేతులవాళ్ళకు సన్నని పిడి ఉన్న పోల్స్ దొరుకుతాయి, స్త్రీలకు అని రాసి అమ్ముతారు. ఆ రాత చూడకండి, చెయ్యి పిడి చుట్టూ తిరుగుతోందో లేదో చూడండి.

స్ట్రాప్‌తో ప్రమాదమూ ఉంది. పోల్ చేతిలో ఉండగా పడితే పిడి బొటనవేలిని బయటికి విరిచినట్టు నెడుతుంది, వేలి మొదట్లో ఉండే లిగమెంట్ తెగుతుంది. డాక్టర్లు దీనికి స్కీయర్స్ థంబ్ అని పేరే పెట్టారు. పడుతున్నామని తెలిసిన క్షణంలో పోల్స్ వదిలెయ్యడం నేర్చుకోవాలి, స్ట్రాప్ చేతికి ఉంటే అది సాధ్యం కాదు. అందుకే గట్టిగా లాగితే దానంతటదే ఊడే స్ట్రాపులు వచ్చాయి. జర్మన్ కంపెనీ లేకీ వాళ్ళ ట్రిగర్ పద్ధతిలో గ్లవ్‌కో, చేతికి కట్టుకునే పట్టీకో ఉన్న చిన్న ఉంగరం లాంటిది పిడిలో టక్కున బిగుసుకుంటుంది. మీట నొక్కితే విడిపోతుంది, పడినప్పుడు పైకి లాగినా విడిపోతుంది. బాగుంటుంది, కానీ ఆ పట్టీ ఇంట్లో మరిచిపోతే ఆ రోజుకు స్ట్రాప్ లేనట్టే.

ఏ రకం కొన్నా మూడు చోట్ల స్ట్రాప్ చేతికి ఉండకూడదు. చైర్‌లిఫ్ట్ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ రెండు పోల్స్‌నూ ఒకే చేత్తో పట్టుకోండి. కుర్చీకి స్ట్రాప్ చిక్కుకుంటే మీరు దిగినా అది లాక్కుపోతుంది. చెట్ల మధ్య దిగేటప్పుడు బాస్కెట్ కొమ్మకు తగులుకుంటే భుజం కీలు జారుతుంది. మంచు చరియలు విరిగిపడే ప్రమాదం ఉన్న వాలుల మీద చేతికి కట్టుకున్న పోల్స్ మనిషిని కిందికి లాగే లంగరులవుతాయి.

అల్యూమినియమా, కార్బనా?

వెదురు, ఉక్కు పోల్స్ కాలం పోవడానికి కారణం ఎడ్ స్కాట్. ఐడహోలోని సన్ వ్యాలీలో ఉండే ఈయన 1958లో సన్నగా కోసుగా దిగే అల్యూమినియం పోల్ తయారుచేశాడు. ఆ రోజుల్లోని బరువైన ఉక్కు పోల్స్ పక్కన అది చేతిలో లేనట్టే ఉండేది. ఇప్పటికీ మామూలు స్కీయర్లకు నా ఓటు అల్యూమినియానికే. 40 నుంచి 60 డాలర్లలో మంచి జత వస్తుంది. షాఫ్ట్ మందం 16 నుంచి 18 మిల్లీమీటర్లు ఉంటుంది. పొందికగా రాసేవాళ్ళు లోహం రకం కూడా ముద్రిస్తారు. 7075 అని ఉంటే గట్టి రకం. 5083 లాంటివి మెత్తన, చవక.

కార్బన్ పోల్స్ తేలిక, సన్నం, మంచు గట్టిగా ఉన్నచోట చేతికి అదురు తక్కువ తెలుస్తుంది. ధర 100 డాలర్ల పైమాటే. మా వారికి ఈ కార్బన్ మోజు ఉంది. డాలస్ నుంచి వచ్చిన మా మరిది వాటిని చేతిలో పట్టుకుని మురిసిపోయాడు.

"వదినా, ఇవైతే బరువే ఉండదు కదా!"

"ఉండదు. కారు డిక్కీలో స్కీల కింద పడేస్తే పోల్ కూడా ఉండదు."

నేను ఎగతాళికి అన్నమాట కాదు అది. అల్యూమినియం పోల్ దెబ్బ తగిలితే వంగుతుంది. వంగినదాన్ని మెల్లగా సరిచేసుకుని సాయంత్రం దాకా నెట్టుకురావచ్చు, అయితే ఆ చోట బలం తగ్గిందని గుర్తుంచుకోవాలి. కార్బన్ పోల్ వంగదు, పుటుక్కున విరుగుతుంది. స్కీ ఇనుప అంచు గీసుకుని పడిన చిన్న గాటు చాలు, తర్వాత ఎప్పుడో ఆ గాటు దగ్గరే రెండు ముక్కలవుతుంది. కార్బన్ కొన్నవాళ్ళు షాఫ్ట్ కింది సగాన్ని తరచూ వేలితో తడిమి చూసుకోవాలి. రెండిటికీ మధ్య రకంగా ఫైబర్‌గ్లాస్ కలిపిన కాంపోజిట్ పోల్స్ ఉన్నాయి. కాస్త వంగి మళ్ళీ నిటారవుతాయి. ధరలో కార్బన్‌కన్నా తక్కువ.

బరువు గురించి అట్టమీద గ్రాములు చదివి తేల్చుకోకండి. చేతికి తెలిసేది మొత్తం బరువు కాదు, ఊపు బరువు. దుకాణంలోనే దీన్ని చూడవచ్చు. పిడిని బొటనవేలూ చూపుడువేలూ మధ్య వదులుగా పట్టుకుని, మొనను మణికట్టుతో ముందుకీ వెనక్కీ ఊపండి. మొన వైపు బరువు ఎక్కువుంటే ఊపు ఆలస్యంగా మొదలై, ఆలస్యంగా ఆగుతుంది. బరువు పిడి వైపు ఉంటే అనుకున్న క్షణానికి మొన అక్కడుంటుంది. రెండు మూడు రకాలను ఒకదాని తర్వాత ఒకటి ఊపి చూస్తే తేడా కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. రోజంతా వందల మలుపులకు ఊపవలసింది మీ చెయ్యే కదా. చవక అల్యూమినియం పోల్ ఒకటి ఖరీదైనదానికన్నా బాగా ఊగడం నేను చాలాసార్లు చూశాను.

వంపు తిరిగిన పోల్స్ గోడ మీద కనిపిస్తే ముట్టుకోకండి. అవి జెయింట్ స్లాలమ్, డౌన్‌హిల్ పందేలవాళ్ళకు. గాలి ఎదురుదెబ్బ తగ్గడానికి ఒంటి చుట్టూ ఒదిగేలా వంచుతారు. మన వేగానికి గాలి మనల్ని పట్టించుకోదు.

పొడవు మార్చుకునే పోల్స్

రెండు ముక్కలుగా ఉండి, మీటతో బిగించే పోల్స్ లిఫ్టు లేని కొండల మీద నడిచి ఎక్కేవాళ్ళకు అవసరం. ఎక్కేటప్పుడు పొడవు, దిగేటప్పుడు పొట్టి చేసుకుంటారు. రిసార్టులో తిరిగేవాళ్ళకు అనవసరం. కీలు ఉన్నచోట బరువూ ఉంటుంది, చెడే అవకాశమూ ఉంటుంది. ఇంటికి వచ్చేపోయే చుట్టాలకు ఒక జత ఉండాలనుకుంటే మాత్రం పనికొస్తాయి, మా ఇంట్లో అలాంటి జత ఉంది. తిప్పి బిగించే రకంకన్నా మీట రకం నయం, గ్లవ్స్‌తోనే మార్చుకోవచ్చు. కొనేముందు మీట బిగించి, పిడి మీద రెండు చేతులూ పెట్టి ఒంటి బరువంతా వేసి నొక్కండి. జారితే మీట పక్కనున్న మర బిగించి మళ్ళీ చూడండి. అయినా జారితే ఆ జత అక్కడే వదిలెయ్యండి.

పిల్లలకు

మొదటి పాఠాల్లో చిన్నపిల్లలకు పోల్స్ ఇవ్వొద్దు. స్కీ స్కూళ్ళలో కూడా సాధారణంగా ఇవ్వరు. చేతిలో ఏమీ లేనప్పుడే కాళ్ళతో ఆగడం నేర్చుకుంటారు. ఇస్తే కత్తియుద్ధాలు మొదలవుతాయి. రెండు స్కీలూ సమాంతరంగా పెట్టి మలుపులు తిరగడం వచ్చాక కొనండి. మన ఇళ్ళలో పిల్లలకు బట్టలు కొన్నట్టు, పెరుగుతున్నారు కదా అని రెండు సైజులు పెద్దవి తీసుకోకండి. చొక్కా వదులైతే చెయ్యి మడుచుకోవచ్చు, పోల్‌ను మడవలేరు. పొడవు మార్చుకునే పిల్లల పోల్స్ ఉన్నాయి, అవి నాలుగైదేళ్ళు వస్తాయి. లేదా శరదృతువులో ఊరూరా జరిగే పాత స్కీ సామాను అమ్మకాల్లో ఏటా ఓ జత కొని, పాతది అమ్మేసుకోవచ్చు.

పాతవి కొనేటప్పుడు చూడవలసినవి: షాఫ్ట్‌ను బల్లమీద దొర్లించండి, వంకర ఉంటే ఎగురుతుంది. పిడిని తిప్పి చూడండి, కదలకూడదు. బాస్కెట్‌ను లాగి చూడండి. స్ట్రాప్ కుట్లు, మొన అరుగుదల చూడండి. గుండుగా అరిగిన మొన గట్టి మంచు మీద జారుతుంది.

క్రాస్ కంట్రీ వేరే లెక్క

కొలరాడోలోని ఫ్రిస్కోలాంటి చోట్ల చదును దారుల్లో క్రాస్ కంట్రీ స్కీయింగ్ చేద్దామనుకుంటే పై కొలతలన్నీ మరిచిపోండి. అక్కడ ముందుకు నెట్టే బలంలో పెద్ద వాటా చేతులది కాబట్టి పోల్స్ చాలా పొడుగు. రెండు స్కీలనూ సమాంతరంగా ముందుకు జరుపుకుంటూ పోయే క్లాసిక్ పద్ధతికి చంక, భుజం మధ్య దాకా రావాలి. స్కీలను పక్కలకు తోస్తూ పోయే స్కేటింగ్ పద్ధతికి గడ్డం, పెదవుల మధ్య దాకా రావాలి. 170 సెంటీమీటర్ల మనిషికి క్లాసిక్‌లో 140 పైచిలుకు, స్కేటింగ్‌లో 150 పైచిలుకు. పందేల్లో కొందరు కాళ్ళు వాడకుండా పొడుగు పోల్స్‌తో చేతులతోనే నెట్టుకుపోవడం పెరగడంతో, అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2016-17 సీజన్ నుంచి క్లాసిక్ పోల్ పొడవును ఎత్తులో 83 శాతానికి పరిమితం చేసింది. వాలు దిగే పోల్స్‌తో అక్కడికి, అక్కడి పోల్స్‌తో వాలు మీదికి వెళ్ళకండి.

కొన్నాక

అల్యూమినియం పోల్ పొడుగైతే కోయవచ్చు. పొట్టిదాన్ని సాగదీయలేం కాబట్టి, మీ సైజు అసలు దొరకని పరిస్థితిలో పెద్దది కొని కోయించుకోవడమే దారి. పిడిని వేడి నీళ్ళలో ముంచి మెత్తబడ్డాక తిప్పుతూ లాగితే ఊడుతుంది. కోత ఎప్పుడూ పిడి వైపే, మొన వైపు కాదు. గొట్టం కోసే పరికరంతో కోసి, కోసిన అంచును ఆకురాయితో నునుపుచేసి, పిడి మళ్ళీ ఎక్కించాలి. దుకాణంవాళ్ళు కొద్ది డబ్బుకే ఈ పని చేసిపెడతారు.

డాలస్, హ్యూస్టన్ల నుంచి విమానంలో వచ్చేవాళ్ళు గుర్తుంచుకోవలసింది, పోల్స్‌ను క్యాబిన్‌లోకి రానివ్వరు, లగేజీలో వెయ్యవలసిందే. ఏడాదికి ఓ వారాంతం వచ్చేవాళ్ళు అద్దెకు తీసుకోవడమే మేలు. పై కొలత పద్ధతి అద్దె దుకాణంలో కూడా పనిచేస్తుంది, ఇంకో సైజు తెచ్చిపెట్టమని అడగడానికి మొహమాటపడకండి.

రిసార్టు హోటల్ బయట కొయ్యస్టాండు మీద అందరి పోల్స్ ఒకేలా నల్లగా ఉంటాయి. కాఫీ తాగి వచ్చేసరికి మీ 115 పోయి, ఎవరివో 125 మిగులుతాయి. వాళ్ళు దొంగలు కారు, హడావిడిలో ఉన్నవాళ్ళు. మెరిసే రంగు టేపు ఒక చుట్టు పిడి కింద చుట్టండి, దానిమీద ఫోన్ నంబరు రాయండి. టేపు రెండు పోల్స్‌కూ చుట్టాలి. ఒకదానికే చుట్టినవాళ్ళ దగ్గర చివరికి ఆ ఒకటే మిగులుతుంది.